వెలుగు తగిలితేనే పనిచేసే మందు

నోటి క్యాన్సర్ కాంతి చికిత్సలో మందు, వెలుగు, ఆక్సిజన్ మూడూ ఒకచోట కలవాలి. టెమోపోర్ఫిన్ అనే మందుకు యూరప్‌లో 2001లో అనుమతి వచ్చింది. అదీ వేరే చికిత్సలకు లొంగని, ముదిరిన తల, మెడ క్యాన్సర్లకే. మందును నరంలోకి ఎక్కించి నాలుగు రోజులు ఆగుతారు. తర్వాత సన్నని ఫైబర్ గుండా 652 నానోమీటర్ల ఎర్రటి లేజర్ వెలుగును గడ్డపై 200 సెకన్లు పడనిస్తారు. దాంతో మందు పక్కనున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది. కణాలను చంపేది ఆ ఆక్సిజనే. కత్తి పెట్టరు కనుక నాలుక, పెదవి ఆకారం చాలావరకు నిలుస్తుంది. కానీ వెలుగు సుమారు సెంటీమీటరు లోతుకే పోతుంది.

వెలుగు తగిలితే ఈ మందు చర్మాన్నీ కాల్చగలదు కనుక అసలు తిప్పలు మందు ఎక్కించిన రోజే మొదలు: తెరలు దించిన గది, 60 వాట్లకు మించని బల్బు. ఎండ జాగ్రత్త రెండు వారాలు తప్పదు. సూది గుచ్చిన చేతికైతే ఆరు నెలలు.