నేల చలి, గాలి పరుపు: క్యాంపింగ్‌కు తనంత తానే ఉబ్బే ప్యాడ్‌ను ఎలా ఎంచుకోవాలి?

సూరత్ నుంచి బార్డోలీ వైపు వెళ్తుంటే కడోదరా దాటాక జోల్వా వస్తుంది. పేరుకు పల్సానా తాలూకాలో ఒక గ్రామం. చూస్తే మాత్రం దారం ఫ్యాక్టరీలు, మగ్గాల షెడ్లు, కార్మికుల గదుల వరసలు. ఒకప్పుడు టీవీల్లో, పత్రికల్లో గార్డెన్ వరేలీ చీరల ప్రకటనలు చూసినవాళ్లకు ఆ కంపెనీ పాలియెస్టర్ దారం తయారయ్యేది ఇక్కడేనంటే ఆశ్చర్యంగా ఉంటుంది. తెలంగాణ నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో ఎంతమంది ఉన్నారంటే, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతోంది.

నిరుడు జనవరిలో మేం మూడు తెలుగు కుటుంబాలం కలిసి డాంగ్ అడవుల్లో ఒక రాత్రి గుడారాల్లో గడిపి వచ్చాం. పిల్లల కోసం పెద్ద గాలి పరుపు ఒకటి తీసుకెళ్లాం. కాలితో తొక్కే పంపుతో పావుగంట గాలి కొడితే జానెడు ఎత్తున ఉబ్బింది. పిల్లలు దాని మీద ఎగిరి గంతులేశారు. రాత్రి రెండింటికి మా అన్నయ్య కూతురు మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని వణుకుతూ ఏడుపు మొదలెట్టింది. పైన రెండు మందపాటి దుప్పట్లు ఉన్నాయి. వీపు మాత్రం మంచులా చల్లగా ఉంది. పక్క గుడారంలో ముప్పయ్యేళ్ల కిందట కరీంనగర్ నుంచి వచ్చిన మగ్గం పెద్దాయన, పాత చీరలు కుట్టిన బొంత నేల మీద పరుచుకుని గురక పెడుతున్నాడు. ఆయన్ని లేపి, ఆ బొంత సగం అడిగి పిల్లను దాని మీదికి మార్చాం. పది నిమిషాల్లో నిద్రపోయింది.

జానెడు గాలి ఆపలేని చలిని అంగుళం బొంత ఎలా ఆపింది? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే క్యాంపింగ్ పరుపు కొనడం గురించి ముప్పాతిక వంతు తెలిసినట్టే.

గాలి మంచి ఉష్ణనిరోధకమే. కానీ కదలకుండా ఉన్నప్పుడు మాత్రమే. పెద్ద గాలి పరుపు లోపల గాలికి అడ్డేమీ లేదు. ఒంటి వేడి తగిలిన గాలి, నేల చల్లదనం తగిలిన గాలి లోలోపలే కలగలుస్తూ తిరుగుతాయి. పడుకున్న మనిషి అటూ ఇటూ దొర్లిన ప్రతిసారీ ఆ కలయిక ఇంకా పెరుగుతుంది. ఫలితంగా ఒంట్లోని వేడి మెల్లగా నేలలోకి పోతూనే ఉంటుంది. బొంతలోనూ చలిని ఆపేది గాలే. అయితే అక్కడది పోగుల మధ్య చిన్న చిన్న అరల్లో ఇరుక్కుపోయి ఉంటుంది. మంచె మీద కాపలా పడుకునే రైతు వరిగడ్డి పరుచుకోవడంలో ఉన్నదీ ఇదే కిటుకు. గొట్టాల్లాంటి గడ్డి పరకల్లో గాలి కదలకుండా నిలుస్తుంది.

పైన ఎన్ని దుప్పట్లు కప్పినా, ఎంత ఖరీదైన స్లీపింగ్ బ్యాగ్‌లో దూరినా కిందినుంచి వచ్చే చలి ఆగకపోవడానికి ఇంకో కారణం ఉంది. బ్యాగ్‌లోని దూది, ఈకలు ఒంటి బరువుకు కింద అణిగిపోతాయి. అణిగితే గాలి పోతుంది, గాలి పోతే రక్షణ పోతుంది. కాబట్టి వీపు కింద పని చేయాల్సింది పరుపే.

సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ ప్యాడ్ అంటున్న సరుకు, బొంత గుణాన్నీ గాలి పరుపు తేలికదనాన్నీ కలపడానికి చేసిన ప్రయత్నం. దీని పుట్టుక అమెరికాలోని సియాటిల్‌లో. 1970ల మొదట్లో బోయింగ్ విమానాల కంపెనీ వేల మందిని ఇంటికి పంపింది. అక్కడ పనిచేసిన జిమ్ లీ, నీల్ ఆండర్సన్ అనే ఇంజనీర్లు కొండలెక్కే అలవాటున్న జాన్ బరోస్‌తో కలిసి 1972లో కాస్కేడ్ డిజైన్స్ అనే కంపెనీ పెట్టారు. జిమ్ లీ తోటపని చేస్తూ మోకాళ్ల కింద స్పాంజి దిండు వేసుకునేవాడట. మోకాలు ఆనించినప్పుడల్లా దిండులోంచి గాలి బుస్సున బయటికి పోవడం గమనించాడు. ఆ గాలిని బయటికి పోనివ్వకుండా బంధిస్తే ఎలా ఉంటుందన్న ఆలోచన నుంచే థర్మారెస్ట్ పరుపు వచ్చింది.

లోపల ఉండేది పాలియురిథేన్ స్పాంజి. దాని రంధ్రాలన్నీ ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తెరుచుకునే ఉంటాయి. పైనా కిందా గాలి చొరబడని గుడ్డ, మూలన ఒక వాల్వు. చుట్టేటప్పుడు నొక్కితే స్పాంజి అణిగి గాలి పోతుంది. వాల్వు మూసేస్తే అలాగే ఉండిపోతుంది. మళ్లీ తెరిస్తే స్పాంజి తన పూర్వ రూపానికి రావడానికి సాగుతూ గాలిని లోపలికి పీల్చుకుంటుంది. అసలు కీలకం గుడ్డకు స్పాంజి అణువణువునా అతుక్కుని ఉండటం. ఆ అతుకు లేకపోతే పరుపు మధ్యలో బెలూనులా ఉబ్బిపోతుంది.

'తనంత తానే' అన్న మాటను మరీ అక్షరాలా నమ్మనక్కర్లేదు. పదిహేను ఇరవై నిమిషాల్లో చాలామట్టుకు నిండుతుంది, చివరి నాలుగైదు ఊదులు మనమే ఊదాలి. చలిలో స్పాంజి బద్ధకిస్తుంది, ఇంకాస్త సమయం పడుతుంది. కొత్తగా కొన్నది గోదాముల్లో నెలల తరబడి చుట్టలో నలిగి ఉంటుంది కనుక మొదటిసారి ఇంట్లోనే వాల్వు తెరిచి ఒక రాత్రంతా వదిలేయాలి. ఇది తెలియక చాలామంది మొదటి రోజే 'పనిచేయట్లేదు' అని వాపసు పంపుతుంటారు.

ఇక కొనేటప్పుడు చూడాల్సిన అంకె ఆర్ వాల్యూ. పరుపు వేడిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలత ఇది. ఒకప్పుడు ఏ కంపెనీ లెక్క దానిదే, ఒకరి 3 ఇంకొకరి 5తో సమానం కావచ్చు. 2018లో ఏఎస్‌టీఎం ఎఫ్3340 అనే ప్రమాణం వచ్చింది. వెచ్చటి పలక, చల్లటి పలకల మధ్య పరుపును ఉంచి, వెచ్చదనం తగ్గకుండా ఉండటానికి ఎంత విద్యుత్ ఖర్చవుతుందో కొలుస్తారు. 2020 నుంచి పెద్ద కంపెనీలు ఈ లెక్కనే అచ్చు వేస్తున్నాయి. ప్యాకెట్ మీద ఆ ప్రమాణం పేరు లేకుండా ఉత్త 'మైనస్ పది వరకు' అని రాసి ఉంటే నేనైతే పట్టించుకోను. చలికి తట్టుకోవడం మనిషిని బట్టి, వయసును బట్టి, తిన్న తిండిని బట్టి మారుతుంది. పలకల లెక్క మారదు.

మనకెంత కావాలి? రాత్రి పది డిగ్రీలకు పైన ఉండే చోట ఆర్ వాల్యూ 2 చాలు. పది నుంచి సున్నా వరకు అయితే 2 నుంచి 4 మధ్య ఉండాలి. సున్నాకు దిగువన 4 దాటాలి. మంచు మీద గుడారం వేస్తే 5 లేదా 6. చలికి తొందరగా వణికేవాళ్లు ఒక మెట్టు పైకి లెక్కేసుకోవాలి. జోల్వా నుంచి వెళ్లేవాళ్లకు సాపుతారా, డాంగ్ అడవుల్లో డిసెంబరు, జనవరి రాత్రులు పది డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో వికారాబాద్ అనంతగిరి, మారేడుమిల్లి ఇలాంటివే. లంబసింగి, పాడేరు దగ్గరి వంజంగి లాంటి చోట్ల ఇంకా దిగుతుంది. మూడున్నర సెంటీమీటర్ల మందం ఉన్న మామూలు ప్యాడ్ ఈ చోట్లన్నిటికీ దాదాపు సరిపోతుంది. ఈ మధ్య మన కుర్రాళ్లు గుంపులు గుంపులుగా వెళ్తున్న ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ వేరే సంగతి. అది 12,500 అడుగుల శిఖరం, చలికాలంలో మంచు మీదే గుడారాలు. అయితే అలాంటి యాత్రలు నడిపే సంస్థలు చాలావరకు పరుపు, స్లీపింగ్ బ్యాగ్ తామే ఇస్తాయి. ముందు అడగండి. ఇస్తామంటే కొనకండి.

ఆర్ వాల్యూలో ఒక సుఖం ఉంది: ఒకదానిపై ఒకటి వేస్తే అంకెలు కలుస్తాయి. 2 ఉన్న సాదా ఫోమ్ చాప మీద 3 ఉన్న ప్యాడ్ వేస్తే 5. ఖరీదైన ఒక్క పరుపు కన్నా ఈ జంట చవక. పైగా కింది చాప ముళ్లనూ ఆపుతుంది. డాంగ్‌లో కొట్టేసిన వెదురు మోళ్లు, మన దక్కన్ నేలల్లో పల్లేరు కాయలు. పల్లేరు కాయ గురించి తెలుగువాళ్లకు చెప్పేదేముంది, సైకిల్ ట్యూబును వదలనిది దీన్ని వదులుతుందా?

మందం సంగతి చలి కన్నా నడుముకు ఎక్కువ సంబంధించింది. వెల్లకిలా పడుకునేవాళ్లకు రెండున్నర సెంటీమీటర్లు కూడా సరిపోవచ్చు. పక్కకు తిరిగి పడుకుంటే బరువంతా భుజం మీదా తుంటి మీదా పడుతుంది. వాళ్లకు కనీసం ఐదు సెంటీమీటర్లు కావాలి. దుకాణంలో పరీక్ష సులువు: పక్కకు తిరిగి పడుకుని, తుంటి నేలకు తగులుతోందేమో చూసుకోండి. సిగ్గుపడి నిలబడి చేత్తో నొక్కి చూస్తే ఏమీ తెలియదు. బిగుతుగా నిండా ఊదితే సుఖంగా ఉంటుందనుకోవడం కూడా పొరపాటే. కాస్త గాలి వదిలితేనే తుంటి కుదురుకుంటుంది.

బరువు వీపు మీద మోసేవాళ్ల బాధ. కారులో వెళ్లేవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు, ఎనిమిది పది సెంటీమీటర్ల పరుపు కొనుక్కోవచ్చు. నడిచేవాళ్లకు స్పాంజికి మధ్య మధ్యలో రంధ్రాలు కోసిన తేలిక రకాలు దొరుకుతాయి. స్పాంజి తీసేసిన మేరకు బరువుతో పాటు వెచ్చదనమూ కొంత తగ్గుతుంది.

గుడ్డ విషయం జోల్వా వాళ్లకు బాగా తెలుసు. ప్యాకెట్ మీద '75 డి' అని ఉంటే అది డెనియర్. 9,000 మీటర్ల దారం 75 గ్రాములు తూగితే అది 75 డెనియర్. అంకె పెరిగితే దారం లావు, గుడ్డ గట్టి, బరువూ ఎక్కువ. వీపు సంచికి 20, 30 డెనియర్. కారు ప్రయాణానికి 75 లేదా ఆపైన. పాలియెస్టర్ నైలాన్ కన్నా తక్కువ తేమ పీలుస్తుంది, నైలాన్ అదే బరువుకు ఎక్కువ గట్టి. మగ్గం మీద ఎంత దట్టంగా నేసినా గుడ్డ గాలిని ఆపదు. ఆపేది లోపలి వైపు వేసిన పాలియురిథేన్ పూత. పరుపు ఆయుష్షు ఆ పూతదీ, దానికీ స్పాంజికీ ఉన్న అతుకుదీ.

అందుకే సూరత్ లాంటి చోట, విశాఖ, కాకినాడ లాంటి చోట దాచడంలోనే పరుపులు చచ్చిపోతాయి. వర్షాకాలపు తేమ, ఎండాకాలపు వేడి ఏళ్ల తరబడి తగిలితే పూత జిగటగా మారి ఊడుతుంది. చుట్టి సంచిలో బిగించి అటక మీద పడేస్తే స్పాంజి మళ్లీ లేవడం మరిచిపోతుంది. నోటితో ఊదిన తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. ఇంట్లో వాల్వు తెరిచి, పరిచి, మంచం కిందో బీరువా వెనకో ఉంచాలి. మే నెల ఎండలో మూసిన కారులో వదిలేస్తే లోపలి గాలి వ్యాకోచించి అతుకు విడిపోతుంది, మధ్యలో కణితిలా బుడగ లేస్తుంది. దానికి ఇంట్లో మరమ్మతు లేదు.

చిల్లికి మాత్రం ఉంది. తొట్టిలో నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసి పెన్నుతో గుర్తు పెట్టి, బాగా ఆరనిచ్చి, పాలియురిథేన్ జిగురుతో ప్యాచ్ వేయాలి. సైకిల్ షాపు సొల్యూషన్ రబ్బరు కోసం చేసింది, దీన్ని ఎక్కువ కాలం పట్టుకోదు. అయితే తెల్లారేసరికి మెత్తబడిన ప్రతి పరుపుకూ చిల్లి పడినట్టు కాదు. సాయంత్రం ముప్పై డిగ్రీల గాలి అర్ధరాత్రికి ఐదుకు దిగితే దాదాపు ఎనిమిది శాతం కుంచించుకుపోతుంది. అందుకే గుడారం వేసిన వెంటనే కాక, చల్లబడ్డాక, పడుకోబోయే ముందు ఇంకో రెండు ఊదులు ఊదాలి.

ఈ జనవరిలో మళ్లీ డాంగ్ వెళ్తున్నాం. పిల్లలకు రెండు సెల్ఫ్ ఇన్‌ఫ్లేటింగ్ ప్యాడ్లు కొన్నాం. ఐదు సెంటీమీటర్ల మందం, 75 డెనియర్, ఆర్ వాల్యూ 4. పెద్ద గాలి పరుపును ఎవరో అడిగితే ఇచ్చేశాం, వాళ్లింట్లో చుట్టాలు వచ్చినప్పుడు హాలులో వేస్తున్నారు. పెద్దాయనకూ ఒక ప్యాడ్ కొందామంటే నవ్వి వద్దన్నాడు. ఆయన బొంత ఆయనకుంది. ఈసారి సగం అడగొద్దన్నాడు.