నడక – మధుమేహము

అలిపిరినుండి తిరుమలకు 3,500కు పైబడిన మెట్లు గలవు. ఏటికొకమారు అవి యెక్కుచున్నాము గదా, మధుమేహమునకు వేఱు వ్యాయామమేల యని నడివయసు పురుషులు కొందఱు నన్నడుగుచుందురు. ఆ యెక్కుడు పుణ్యమునకు చాలును గాని, రక్తములోని చక్కెరకు చాలదని నా మనవి.

పనిచేయు కండరము ఇన్సులిను సాయమునకై వేచియుండక రక్తమునుండి చక్కెరను తానే గ్రహించును. విశ్రమించిన పిమ్మటను ఇన్సులినునకు చక్కగా లోబడియుండును. కాని యా గుణము ఒకటి రెండు దినములకే తఱిగిపోవును. కావున చేనిగట్టుననైనను దినమునకు అరగంట చురుకుగా నడువవలెను.

2006లో ప్రకటితమైన చెన్నపట్టణపు పరిశోధనయే యిందుకు నిదర్శనము. వ్యాధి యంచుననున్న 35 మొదలు 55 ఏండ్లవారిలో, నిత్యము నడచుచు మితాహారము పాటించినవారికి మూడేండ్లలో నూటికి 39 మందికి వ్యాధి వచ్చెను; ఆ నియమము లేనివారిలో 55 మందికి వచ్చెను.

మందులు పుచ్చుకొనువారు చక్కెర హఠాత్తుగా పడిపోకుండ బెల్లపుముక్క వెంట నుంచుకొనవలెను. పాదములకు స్పర్శ తగ్గినవారు వైద్యుని యడుగనిదే వట్టికాళ్లతో కొండ నెక్కరాదు.