నగరం నడిబొడ్డున ఎత్తుకు హద్దు

కావ్యాలలోని అష్టాదశ వర్ణనలలో నగరానిదే ప్రథమస్థానం. నగరాన్ని వర్ణించే కవి అందులోని మేడలు మేఘమండలాన్ని తాకుతున్నవని చెప్పడం పరిపాటి. అటువంటి మేడను 'అభ్రంకషం' అన్నారు. అభ్రమంటే మేఘం, దానిని ఒరసుకొనేది అభ్రంకషం. 'స్కైస్క్రేపర్' అనే ఆంగ్లపదం పుట్టడానికి ఎంతో ముందే ఆ భావానికి సంస్కృతంలో మాట ఉన్నది. అయితే కవి కట్టిన మేడకు నీటి గొట్టాలు అక్కరలేదు. నిప్పంటుకుంటే నిచ్చెన వేయవలసిన పనీ లేదు. శిల్పశాస్త్రకారులకు ఆ స్వేచ్ఛ లేదు. 'మానసారం' ఒక అంతస్తు మొదలు పన్నెండు అంతస్తుల వరకు గల విమానాల లక్షణాలను వేరువేరు అధ్యాయాలలో వివరించి, అక్కడితో ఆగింది.

పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో ఉక్కు చట్రమూ లిఫ్టూ వచ్చిన తరువాత మేడ ఎత్తుకు సాంకేతికమైన అడ్డు చాలావరకు తొలగిపోయింది. నగరం పెరిగేకొద్దీ దాని నడిబొడ్డున నేల ధర పెరుగుతుంది. అదే నేలమీద మరికొన్ని అంతస్తులు వేసుకోవాలని యజమాని కోరుకోవడం సహజం. కాని అతడు వేసే ప్రతి అంతస్తూ పొరుగింటి వెలుతురును కొంత హరిస్తుంది, ఎదుటి వీధి మీద మరికొంత భారం మోపుతుంది. ఆ భారానికి హద్దు ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న.

అమెరికా రాజధాని వాషింగ్టన్‌లో ఈ ప్రశ్న ఒక్క భవనంతో తలెత్తింది. 1894లో అక్కడ 'కైరో' అనే నివాస భవనం 164 అడుగుల ఎత్తున లేచింది. దాని నీడను చూసి ఇరుగుపొరుగువారు ఆందోళన చెందారు. అంత ఎత్తున మంటలు చెలరేగితే అగ్నిమాపక దళం నిచ్చెనలు అందవన్న భయం కూడా కలిగింది. తత్ఫలితంగా 1899లోను, 1910లోను అమెరికా కాంగ్రెసు చట్టాలు చేసింది. కాపిటల్ భవనాన్ని మించి ఏదీ కట్టరాదన్నది ఆ చట్టమని నేటికీ చాలామంది చెప్పుకొంటారు. అది నిజం కాదు. 1910 నాటి చట్టానికి కొలబద్ద వీధి. వ్యాపార వీధులలో వీధి వెడల్పుకు 20 అడుగులు కలిపితే ఎంత వస్తుందో భవనం అంత ఎత్తు ఉండవచ్చు. ఏది ఏమైనా 130 అడుగులు దాటరాదు. 90 అడుగుల వీధిలో 110 అడుగుల మేడ అన్నమాట. పెన్సిల్వేనియా అవెన్యూలో ఒక భాగానికి మాత్రం 160 అడుగుల వరకు మినహాయింపు లభించింది.

ఈ చట్టం వల్ల వాషింగ్టన్ వీధులకు ఆకాశం దక్కింది. అక్కడ నిలబడినవారికి కాపిటల్ గోపురం, వాషింగ్టన్ స్మారక స్తంభం చాలా దూరం నుండే కనిపిస్తాయి. కాని హద్దు గీసినంత మాత్రాన అవసరం అంతరించదు. ఎత్తయిన కార్యాలయ భవనాలు పొటోమాక్ నదికి ఆవలి ఒడ్డున, ఆ చట్టం వర్తించని రాస్లిన్‌లో లేచాయి. నగరంలో మిగిలిన భవనాలు అనుమతించిన ఘనపరిమాణంలో అంగుళమైనా వదలకుండా పెట్టెలవలె రూపొందాయి. 2014లో చేసిన సవరణ కప్పుమీది గదులను నివాసానికి వాడుకోవడానికి అనుమతించిందే తప్ప మూలసూత్రాన్ని కదిలించలేదు.

హైదరాబాదు వేరొక మార్గాన్ని ఎన్నుకొన్నది. 2006 మార్చిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 86వ నంబరు ఉత్తర్వు ద్వారా, స్థల వైశాల్యానికి ఇన్ని రెట్లే నిర్మించాలన్న పరిమితిని తొలగించింది. దాని స్థానంలో రోడ్డు వెడల్పు, భవనం చుట్టూ వదిలే ఖాళీ ప్రమాణాలయ్యాయి. 2012 నాటి భవన నిర్మాణ నియమావళి ఈ పద్ధతినే కొనసాగించింది. దాని ప్రకారం 30 మీటర్ల ఎత్తు భవనానికి 18 మీటర్ల రోడ్డు, చుట్టూ 10 మీటర్ల ఖాళీ ఉండాలి. 55 మీటర్లకు చేరితే రోడ్డు 30 మీటర్లు, ఖాళీ 16 మీటర్లు కావాలి. వాషింగ్టన్ వలెనే హైదరాబాదు కూడా వీధినే కొలబద్దగా తీసుకొన్నది. కాకపోతే వాషింగ్టన్ ఆ కొలతపైన ఒక మూత పెట్టింది, హైదరాబాదు పెట్టలేదు. విమానాల రాకపోకల దృష్ట్యా ఉన్న నిబంధనలు మాత్రం వేరు. వాటిలో ఎత్తును నేల నుండి కాక సముద్రమట్టం నుండి లెక్కిస్తారు. కనుక పల్లపు నేలపై అనుమతి లభించిన భవనమే సమీపంలోని గుట్టమీద నిరాకరణకు గురికావచ్చు.

మూత లేకపోవడం అందరికీ సమానమైన వరమని భావించరాదు. 2012 నియమావళిలో బహుళ అంతస్తుల భవనానికి కనీసం 2,000 చదరపు మీటర్ల, అనగా దాదాపు 2,400 చదరపు గజాల స్థలం కావాలి. అంత స్థలం చతురస్రంగా ఉంటే దాని భుజం సుమారు 45 మీటర్లు. 55 మీటర్ల ఎత్తుకు వెళ్లదలచి రెండు వైపులా 16 మీటర్ల చొప్పున వదిలితే, నిర్మాణానికి మిగిలేది 13 మీటర్ల వెడల్పు మాత్రమే. కావున ఆకాశంపై హక్కు నిజానికి విశాలమైన స్థలం గలవారిదే. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట ప్రాంతాలలో వెడల్పయిన రోడ్లు, పెద్ద పెద్ద స్థలాలు ఉన్నాయి. అభ్రంకషాలు అక్కడే వెలశాయి. వందల కుటుంబాలు ఒకేచోట చేరినప్పుడు వారి వాహనాలన్నీ ఒకే ద్వారం గుండా ఒకే రోడ్డుపైకి వస్తాయి. రోడ్డు వెడల్పు భవనానికి అనుమతి ఇస్తుంది గాని, అదే రోడ్డుపై వరుసగా ఎన్ని భవనాలు లేవవచ్చునో చెప్పదు. ఈ పద్ధతిలోని ప్రధాన లోపం ఇదే.

మరి పాత నడిబొడ్డు? సుల్తాన్ బజారు, కోఠి ప్రాంతాలలో సందుల ఇరుకుదనమే శాసనంగా పనిచేస్తున్నది. నాలుగు వందల గజాల స్థలం, దానిలో ఒక దుకాణం ఉన్న యజమాని తన ముందున్న వీధిని వెడల్పు చేయలేడు, పక్కవారి స్థలాన్ని తనదిగా చేసుకోలేడు. ఇరుగుపొరుగువారు పదిమంది కలిసి స్థలాలను ఒక్కటి చేసుకొంటే మార్గం దొరకవచ్చు. కాని వాటాల పంపకం, దుకాణాలలో అద్దెకున్నవారి భవిష్యత్తు అంత తేలికగా తెగేవి కావు. రోడ్డు విస్తరణకు కొలతలు పడితే ముందుగా పోయేది అతని దుకాణపు ముందుభాగమే. ఆ తరువాత మిగిలిన స్థలం, పెరిగిన రోడ్డు ఇచ్చే ఎత్తును వాడుకోవడానికి చాలకపోవచ్చు.