సురయ్యా ఎక్కడుంది?

రెండేళ్ల క్రితం సంగతి. ఏడో తరగతి పిల్లలకు ఉర్దూ పాఠం చెబుతుండగా 'సురయ్యా' అనే పదం వచ్చింది. ఆ పేరుగల అమ్మాయి ఆ తరగతిలోనే ఉంది. పిల్లలంతా ఆమె వైపు తిరిగి నవ్వారు. "సురయ్యా అంటే ఆకాశంలో గుంపుగా కనిపించే నక్షత్రాలు. తెలుగులో కృత్తికలంటారు. పల్లెటూళ్లలో పిల్లలకోడి అంటారు" అని వివరించాను. అప్పుడా అమ్మాయి లేచి నిలబడి, "సార్, అవి ఇప్పుడు కూడా ఉన్నాయా? నేనెప్పుడూ చూడలేదు" అంది.

ఉన్నాయని చెప్పాను. కాని చూపించడానికి నా దగ్గర ఆకాశం లేదు. మాది హైదరాబాదు పాతబస్తీ. వీధిలో తెల్లని దీపాలు, దుకాణాల బోర్డులు, ఫంక్షన్ హాళ్ల రంగుల లైట్లు. రాత్రి పది గంటలకు కూడా ఆకాశం పాలు విరిగినట్టు తెల్లబారి ఉంటుంది. నేను మదర్సాలో చదువుకునే రోజుల్లో చలికాలం ఇషా నమాజు తర్వాత మా ఉస్తాద్ గారు మిద్దె మీదికి పిలిచి వేలితో చూపించేవారు. "అదిగో సురయ్యా. దాని వెనకాలే ఎర్రగా మెరుస్తున్నది దబరాన్" అనేవారు. దబరాన్ అంటే అరబీలో 'వెంట వచ్చేది' అని అర్థం. మన తెలుగువాళ్ల రోహిణి అదే. యూరపువారు ఆ అరబీ పేరునే 'అల్డెబరాన్' అని రాసుకున్నారు.

ఇదొక్కటే కాదు. ప్రపంచమంతా నేటికీ వాడుతున్న నక్షత్రాల పేర్లలో అనేకం అరబీవే. మన శ్రవణా నక్షత్రాన్ని 'ఆల్టెయిర్' అంటారు. అది 'అన్నస్ర్ అత్తాయిర్', అంటే ఎగిరే గద్ద. వేటగాడి పాదం దగ్గర మెరిసే 'రైజెల్' అరబీలో రిజ్ల్, అంటే పాదం. క్రీ.శ. 964 ప్రాంతంలో అబ్దుర్రహ్మాన్ అస్సూఫీ నక్షత్రాల మీద రాసిన గ్రంథంలో ఒక చిన్న మబ్బు తునకను కూడా గుర్తించాడు. అది మబ్బు కాదనీ, దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న మరో నక్షత్రలోకమనీ 20వ శతాబ్దంలో గాని తేలలేదు. దుర్భిణి లేని కాలంలో కేవలం కంటితో ఆయన దాన్ని చూడగలిగాడంటే ఆ ఆకాశం ఎంత నల్లగా ఉండేదో ఊహించండి!

మరి మనకెందుకు కనిపించడం లేదు? నక్షత్రాలు తగ్గలేదు, వెలుతురు పెరిగింది. దీపం వెలుగు నేల మీద పడాలి. కాని సరైన మూత లేని దీపం ఆ వెలుగులో కొంత భాగాన్ని పైకి, పక్కలకు చిమ్ముతుంది. గాలిలోని దుమ్ము, తేమ, పొగ ఆ వెలుగును మళ్లీ మన కళ్లలోకి విసురుతాయి. నీలిపాలు ఎక్కువగా ఉన్న తెల్లని వెలుగు మరింతగా చెదురుతుంది. చీకటి పల్లెలో ఒకేసారి రెండు, మూడు వేల నక్షత్రాలు కంటికి కనిపిస్తే, మహానగరం నడిబొడ్డున పదుల సంఖ్యలోనే మిగులుతాయి. 2016లో శాస్త్రవేత్తలు తయారుచేసిన ప్రపంచ పటం ప్రకారం ప్రపంచ జనాభాలో 80 శాతానికి పైగా వెలుతురు కాలుష్యం కిందే బతుకుతున్నారు. మూడింట ఒక వంతు మందికి తామున్న చోట పాలపుంత కనిపించదు.

ఈ బాధ హైదరాబాదుకు కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ బహదూర్ అనే ఉమ్రావు సొంత ఆసక్తితో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల పెద్ద దుర్భిణి తెప్పించి, ఫిసల్‌బండలో నక్షత్రశాల స్థాపించారు. ఆయన తదనంతరం నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించి బేగంపేటకు తరలించింది. ఆకాశమంతటినీ ఫొటో తీసే అంతర్జాతీయ పథకంలో నిజామియా నక్షత్రశాల పాలుపంచుకొని లక్షలాది నక్షత్రాల స్థానాలను గుణించి అచ్చువేసింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. తర్వాత నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి. 1960ల్లో 48 అంగుళాల కొత్త దుర్భిణి వచ్చేసరికి దాన్ని నగరానికి యాభై కిలోమీటర్లకు పైగా దూరంలోని జపాల్-రంగాపూర్ గ్రామాల దగ్గర పెట్టవలసి వచ్చింది. పండితులు చీకటిని వెతుక్కుంటూ ఊరు దాటారు. మన పిల్లలు ఎక్కడికి వెళ్లాలి?

ఎక్కడికీ వెళ్లనక్కర లేదని నాకు ఆ అమ్మాయే నేర్పింది. మా బంధువొకరి దగ్గర 7×50 దూర్‌బీన్ ఉంటే అడిగి తెచ్చాను. మొదటి అంకె అది ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందరి అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. డిసెంబరు నెలలో ఒక రాత్రి ఆ అమ్మాయి, ఆమె తమ్ముడు, వాళ్ల దాదీ, నేను వాళ్ల డాబా మీద చేరాం. వీధి దీపం కళ్లలో పడకుండా దండెం మీద దుప్పటి వేశాం. ఇరవై నిమిషాలు ఊరికే కూర్చున్నాం. కళ్లు చీకటికి అలవాటు పడడానికి అంత సమయం కావాలి. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోను వెలిగించినా ఆ శ్రమంతా వృథాయే. టార్చి అవసరమైతే దానికి ఎర్ర కాగితం చుట్టాలి.

తర్వాత రోహిణిని గుర్తుపట్టి, అక్కడి నుంచి కొంచెం పడమరగా దూర్‌బీన్ తిప్పమన్నాను. ఉత్త కంటికి అక్కడ ఏమీ లేదు, మసక తప్ప. అమ్మాయి కాసేపు అటూ ఇటూ వెతికింది. ఉన్నట్టుండి చేతులు కదలకుండా నిలిచిపోయింది. "సార్, ఏడు కాదు, చాలా ఉన్నాయి!" అంది. తర్వాత దూర్‌బీన్ దాదీకి ఇచ్చింది. ఆ ముసలమ్మ చాలాసేపు చూసి, "మౌల్వీసాబ్, దీనికి ఈ పేరు పెట్టింది నేనే. మా ఊళ్లో చూసిందే. మళ్లీ ఇన్నాళ్లకు చూశాను" అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పాఠకులారా, నగరంలో ఉండి కూడా చూడదగినవి ఎన్నో ఉన్నాయి. చంద్రుణ్ణి ఏ వీధి దీపమూ దాచలేదు. ఏడో నాటి, ఎనిమిదో నాటి చంద్రుని మీద చిన్న దుర్భిణితో కొన్ని గుంటలు స్పష్టంగా కనిపిస్తాయి. వాటిలో రెండింటికి అల్‌బత్తానీ, అజ్జర్ఖాలీల పేర్ల లాటిన్ రూపాలు పెట్టారు. గురుగ్రహం చుట్టూ గెలీలియో 1610లో చూసిన నాలుగు చందమామలు దూర్‌బీన్ కదలకుండా పట్టుకుంటే చుక్కల్లా అగుపిస్తాయి. శని వలయాలకు మాత్రం చిన్న దుర్భిణి కావాలి. సప్తర్షుల్లోని వసిష్ఠుని పక్కన అరుంధతిని అరబ్బులు 'సుహా' అనేవారు, దానితో చూపును పరీక్షించుకునేవారు. మన తెలుగు పెళ్లిళ్లలో పురోహితుడు అరుంధతిని చూపిస్తాడు. నగరంలో నేడు వధూవరులు కనిపించకపోయినా తలూపుతున్నారు! ఒక్క హెచ్చరిక: దూర్‌బీన్‌తో ఎన్నడూ సూర్యుని వైపు చూడరాదు. చూపు పోతుంది. నెలవంక కోసం వెతికేవారు సూర్యుడు పూర్తిగా అస్తమించిన తర్వాతే దాన్ని చేత పట్టాలి.

నెలవంక అంటే గుర్తుకొచ్చింది. షాబాన్ 29న మగ్రిబ్ తర్వాత మనమంతా మిద్దెలెక్కి పడమర చూస్తాం. ఆ సన్నని గీత కొద్ది నిమిషాలే నిలుస్తుంది. చంద్రుడు సూర్యుని నుంచి సుమారు 7 డిగ్రీలైనా ఎడం కాకపోతే అది కనిపించదని ఫ్రెంచి శాస్త్రవేత్త డాంజో 1930ల్లో లెక్కకట్టాడు. ఆ గీత కనబడేదెప్పుడన్న గణితాన్ని అంతకు వెయ్యేళ్ల ముందే అల్‌బత్తానీ చేశాడు. అంత సున్నితమైన దాన్ని వెతుకుతూ మనం కళ్లకెదురుగా హాలోజన్ దీపాలు వెలిగించుకుంటున్నాం. మా మొహల్లా మస్జిదు మినారు మీదికి నేల నుంచి రెండు పెద్ద దీపాలు తెల్లవార్లూ వెలిగేవి. సగం వెలుగు మినారును దాటి ఆకాశంలోకి పోయేది.

నేను కమిటీ పెద్దల దగ్గరికి వెళ్లి విషయం చెప్పాను. "మినారు చీకటిగా ఉంటే బాగుంటుందా మౌల్వీసాబ్?" అన్నారొకరు. "దీపం తీసేయమనడం లేదు. దాని ముఖం కిందికి తిప్పండి. ఇషా అయిన గంటకు ఆర్పండి. వృథా ఖర్చును మన దీన్ మెచ్చుకోదు కదా" అన్నాను. రెండు జుమాలు గడిచాక దీపాలకు రేకు మూతలు వచ్చాయి. ఇప్పుడు మినారు పైనుంచి వెలుగు పడుతుంది. కరెంటు బిల్లు కూడా తగ్గిందని ముతవల్లీ గారు సంతోషించారు.

దీనివల్ల పాలపుంత తిరిగి రాలేదు. అది ఒక్క మస్జిదుతో అయ్యే పని కాదు. కాని ఇది స్విచ్చి నొక్కితే పోయే కాలుష్యం. మురికి నది శుభ్రపడడానికి ఏళ్లు పడతాయి, చీకటి మాత్రం దీపం ఆర్పిన క్షణంలో తిరిగి వస్తుంది. మీ ఇంటి వరండా దీపానికి ఒక మూత వేయండి. ఈ చలికాలం ఒక రాత్రి పిల్లల్ని డాబా మీదికి పిలవండి.

మొన్న శీతాకాలం ఆ అమ్మాయి తన డాబా మీదికి వీధి పిల్లల్ని నలుగురిని పిలిచిందట. దుప్పటి తనే కట్టిందట. మర్నాడు బడిలో నాతో అంది: "సార్, దూర్‌బీన్ ఇంకొన్నాళ్లు నా దగ్గరే ఉండనివ్వండి. వాళ్లింకా దబరాన్ చూడలేదు."