కూతకు ఒక్క అడుగు ముందు

మన హాస్టల్ వార్షికోత్సవం రోజున మైకు ‘కుయ్’మని కూత పెట్టడం మీకందరికీ తెలిసిందే. సౌండు బాక్సులో శబ్దం మళ్లీ మైకులోకి దూరి, పెరిగి, మళ్లీ దూరితే వచ్చేదే ఆ కూత. పాత వాల్వు రేడియోల్లో ఈ పనే కావాలని చేయించేవారు. దాని పేరు రీజనరేషన్.

నేను ఇంటర్ చదివే రోజుల్లో కాశీబుగ్గలో రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర ఒంటి వాల్వు సెట్టు ఉండేది. అప్పుడు విశాఖ కేంద్రం 927 కిలోహెర్ట్జ్, కటక్ 972. అంకెలు తారుమారైనట్టున్నా మధ్య తేడా 45 మాత్రమే. రాత్రయితే తెలుగు వార్తల్లో ఒడియా పాట కలిసిపోయేది. “నెమ్మదిగా తిప్పాలి బాబూ” అంటూ ఆయన రెండో నాబు కొంచెం తిప్పేసరికి పాట వెనక్కి పోయి, విశాఖ గొంతు పైకి లేచేది.

కిటుకు ఇదీ. వాల్వు ప్లేటు దగ్గర పెరిగిన సిగ్నల్లో కొంత భాగాన్ని, టిక్లరు అనే చిన్న కాయిలు ద్వారా ట్యూనింగు కాయిలుకే తిరిగి ఇస్తారు. కాయిల్లో జరిగే నష్టం ఆ మేరకు పూడుతుంది. పూర్తిగా పూడబోయే అంచున స్టేషను గట్టిగా, విడిగా వినబడుతుంది. అంచు దాటితే సెట్టే చిన్న ట్రాన్స్‌మిటరై పక్కింటి రేడియోలోనూ కూత పెడుతుంది!

1912లో దీన్ని కనిపెట్టిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అప్పటికి కొలంబియా విశ్వవిద్యాలయంలో విద్యార్థి. పేటెంటు ఖర్చుకు తండ్రి డబ్బివ్వలేదు. 1913 జనవరి 31న సర్క్యూటు బొమ్మ గీసి నోటరీ చేయించుకున్నాడు. పేటెంటు 1914లో వచ్చింది. కాని లీ డి ఫారెస్ట్ తానే ముందన్నాడు. 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ వైపే తీర్పు చెప్పింది.

అంచు మీద నిలపడమే కష్టం. కొన్ని సెట్లలో ‘టప్’మని కూత మొదలై, నాబు వెనక్కి తిప్పినా ఒక పట్టాన ఆగదు. అందరూ నాబునే తిడతారు. దోషం చాలావరకు టిక్లరు చుట్లు, ప్లేటు వోల్టేజి ఎక్కువ కావడంలో, గ్రిడ్ లీకు రెసిస్టరు కుదరకపోవడంలో ఉంటుంది. చుట్లు ఒక్కొక్కటే తీస్తూ, కూత పుట్టడానికి సరిపోయినన్నే ఉంచాలి. ఏరియల్ నేరుగా కలిపితే శక్తినంతా అదే లాగేస్తుంది. చిన్న కండెన్సరు ద్వారా కలపాలి. పెంటోడు వాల్వయితే స్క్రీన్ గ్రిడ్ వోల్టేజిని పొటెన్షియోమీటరుతో మార్చడమే నా లెక్కలో మెత్తని పద్ధతి. దాని మధ్య కాలు నుంచి ఎర్తుకు అర మైక్రోఫారడ్ కండెన్సరు వేస్తే గరగర పోతుంది.

చేయబోయే తమ్ముళ్లూ, ప్లేటు మీద 90 నుంచి 250 వోల్టులు ఉండొచ్చు. స్విచ్చి ఆపినా కండెన్సర్లలో కరెంటు మిగిలే ఉంటుంది. మొదటిసారి వాల్వు బదులు ఒక ఎఫ్.ఇ.టి., 9 వోల్టుల బ్యాటరీతో మొదలుపెట్టండి. నాబు తిప్పే తీరు అందులోనూ ఇదే.