పక్క చేను పత్తికి ఏమైంది?

విద్యార్థులారా! నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు నల్లరేగడి చేలల్లో పత్తి, మిరప విస్తారంగా పండుతాయి. నీటి వసతి ఉన్నచోట వరి, మొక్కజొన్న వేస్తారు. గట్టుకు ఇవతల మొక్కజొన్న, అవతల పత్తి ఉన్నాయనుకోండి. మొక్కజొన్న రైతు కలుపు మందు చల్లాడు. అతని పైరు పచ్చగానే ఉంది. కొద్ది రోజులకు అవతలి పత్తి ఆకులు మాత్రం బెండ ఆకుల్లా చీలి, మెలితిరిగాయి. మందు చల్లిన పైరు బాగుండి, చల్లని పైరు చెడిపోవడమేమిటి?

ఆ మందు 2,4-డి. పూర్తి పేరు 2,4-డైక్లోరోఫినాక్సీ ఎసిటిక్ ఆమ్లం. దీని అణువులో కర్బన పరమాణువులు 8, హైడ్రోజన్ 6, క్లోరిన్ 2, ఆక్సిజన్ 3 ఉంటాయి. ఫినాల్‌కు క్లోరిన్ చేర్చి, వచ్చిన డైక్లోరోఫినాల్‌ను సోడియం హైడ్రాక్సైడ్ సమక్షంలో మోనోక్లోరో ఎసిటిక్ ఆమ్లంతో కలిపితే ఇది తయారవుతుంది. ఈ తెల్లని పొడి నీటిలో బహు స్వల్పంగా కరుగుతుంది. కనుక సోడియం లవణంగా, ఎమైన్ లవణంగా, ఎస్టరుగా మార్చి అమ్ముతారు. దీని తయారీని 1941లో అమెరికాలో పోకర్నీ ప్రకటించాడు. 1945లో ఇది బజారుకు వచ్చింది.

మొక్కల పెరుగుదలను నడిపే హార్మోను ఆక్సిన్ అని చదువుకున్నారు కదా! 2,4-డి దానిలాగే పనిచేస్తుంది. అయితే సహజమైన ఆక్సిన్‌ను అదుపులో ఉంచినట్లు దీన్ని మొక్క ఉంచలేదు. కాండం అడ్డదిడ్డంగా పెరిగి, ఆహారం, నీరు ప్రవహించే నాళాలు దెబ్బతిని, మొక్క చనిపోతుంది. వయ్యారిభామ వంటి వెడల్పాకు కలుపు ఇలాగే చస్తుంది.

వరి, జొన్న, మొక్కజొన్న ఏకదళబీజాలు. తగిన వయసులో, తగిన మోతాదులో చల్లితే అవి ఈ మందును హానిలేని పదార్థాలుగా మార్చుకోగలవు. పత్తి, మిరప, కంది ద్విదళబీజాలు. వాటికి ఆ శక్తి చాలదు. అందులో పత్తి మరీ సుకుమారం. గాలికి కొట్టుకువచ్చిన తుంపరలు, ఎస్టరు రకం నుండి లేచే ఆవిరి, సరిగా కడగని పంపులో మిగిలిన కాస్త మందు కూడా దానికి చేటే.

అందుకే గాలి వీచేటప్పుడు ఈ మందు చల్లరాదు. దీనికి వేరే పంపు ఉంచుకోవాలి. మనుషులకూ జాగ్రత్త అవసరమే. 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో చేర్చింది. చల్లేవారు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ధరించాలి. మీరు మందు డబ్బా ముట్టవద్దు.

ఈసారి చేనుకు వెళ్లినప్పుడు ఒక వరి ఆకును, ఒక పత్తి ఆకును వెలుగుకెత్తి చూడండి. వరి ఆకులో ఈనెలు సమాంతరంగా, పత్తి ఆకులో వలలా ఉంటాయి. గట్టుకు అవతల వల ఈనెల పైరుంటే ఆ సంగతి మందు కలపకముందే మీ నాన్నగారికి చెప్పండి.