రొమ్ము క్యాన్సర్ తగ్గాక బిడ్డను కనవచ్చా?

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఇక రోజూ ఒక మాత్ర వేసుకోవాలన్నారు డాక్టరు. ఐదేళ్లు, ఒక్కోసారి పదేళ్లు. మరి పిల్లలు కావాలనుకునే ఆడమనిషి ఏం చేయాలి?

మాత్ర ఎందుకు?

ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఉంటుంది. చాలామంది రొమ్ము క్యాన్సర్‌కు అదే మేత. టామోక్సిఫెన్ మాత్ర ఆ మేతను అందనివ్వదు. జబ్బు తిరగబెట్టే భయం తగ్గుతుంది.

కానీ ఈ మాత్ర కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. వాడినన్నాళ్లూ గర్భం రాకూడదు. ముట్లు ఆగినా గర్భం రావచ్చు. అందుకే నిరోధ్ గానీ, కాపర్-టీ గానీ వాడాలి. హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలు వద్దు.

మరి దారి లేదా?

ఉంది. 2023లో ఒక పరిశోధన ఫలితాలు వచ్చాయి. 42 ఏళ్లు దాటని 500 మందికి పైగా స్త్రీలు అందులో ఉన్నారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్లు మందు వాడారు. తర్వాత బిడ్డ కోసం రెండేళ్ల దాకా ఆపారు. నూటికి 64 మంది తల్లులయ్యారు. మొదటి మూడేళ్లలో జబ్బు తిరగబెట్టడం, మందు ఆపనివారిలో కంటే ఎక్కువగా లేదు. అయితే ఈ జబ్బు చాలా ఏళ్ల తర్వాత కూడా రావచ్చు. అందుకే వారిని ఇంకా గమనిస్తున్నారు.

ఏం చేయాలి?

అత్త అడిగిందనో, ఇరుగుపొరుగు అన్నారనో మాత్ర మానకండి. "నా జబ్బు ఎంత ముదిరింది? మాత్ర ఎప్పుడు ఆపవచ్చు?" అని డాక్టరును అడగండి. ఆపాక కనీసం మూడు నెలలు ఆగాలి. కాన్పయ్యాక డాక్టరు చెప్పినప్పుడు మళ్లీ మొదలుపెట్టాలి. మాత్ర వేసుకుంటూ చనుబాలు ఇవ్వకూడదు.

బిడ్డ కావాలా, ఆగాలా అన్నది మీరు తేల్చుకోవాల్సిన మాట. తెలుసుకుని తేల్చుకోండి.